సూర్యుడు–భూమి–చంద్రుడు వర్కింగ్ మోడల్: విశాఖ ఇంట్లో దాని పనితనం

బడుల్లో సైన్సు గది బీరువాలో దుమ్ము పట్టి ఉండే సూర్యుడు–భూమి–చంద్రుడు నమూనాను ఇప్పుడు ఇంట్లో బల్ల మీద పెట్టుకునే పరిమాణంలో కూడా తయారు చేస్తున్నారు. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో బడి సామగ్రి అమ్మే ఒక దుకాణంలో మేము దాన్ని 1,850 రూపాయలకు కొన్నాము. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఋతువుల పాఠం పుస్తకంలోని బొమ్మ చూసి ఎంతకూ బోధపడకపోవడమే అందుకు కారణం. వేసవిలోనూ వానాకాలంలోనూ చలికాలంలోనూ వాడి చూసిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. ఋతువులు ఎందుకు వస్తాయన్న ప్రశ్నకు అసలైన జవాబును ఈ నమూనా తప్పు లేకుండా చూపిస్తుంది. అయితే ఆ జవాబంతా లోపలున్న ఒక సన్నని రబ్బరు బెల్టు మీద ఆధారపడి ఉంది, ఆ బెల్టు మాత్రం నాసిరకానిది.

పెట్టెలో ఉండేవి ఇవి. నడుమ పసుపుపచ్చని ప్లాస్టిక్ గోళం, దానిలో మూడు చిన్న సెల్స్‌తో వెలిగే ఎల్ఈడీ బల్బు. ఆ సూర్యుడి నుంచి అడుగు పొడవున చాచిన చేయి. చేయి కొసన తొమ్మిది సెంటీమీటర్ల భూగోళం. దాని పక్కన ఇనుప తీగకు గుచ్చిన గోలీకాయంత చంద్రుడు. అడుగున ఉన్న పళ్ళెం మీద నెలలు, తేదీలు, రాశుల బొమ్మలు గుండ్రంగా అచ్చు వేసి ఉన్నాయి. చేతిని పట్టుకుని నెమ్మదిగా తిప్పితే కొసనున్న సూచిక తేదీల మీదుగా సాగుతుంది, భూగోళం తన చుట్టూ తాను తిరుగుతుంది, చంద్రుడు దాన్ని చుట్టి వస్తాడు. మోటారు లేదు. ఇది లోపం కాదు, మంచిదే, ఎందుకంటే మోటారు ఉన్నవి ఆగకుండా గిర్రున తిరిగిపోతాయి తప్ప, జూన్ 21 దగ్గర ఆపి చూద్దామంటే ఆగవు.

దుకాణంలో దీని పక్కనే 900 రూపాయలకు ఇంకొక రకం కూడా ఉంది. రెంటికీ తేడా ఏమిటని అడిగితే, “పెద్ద తేడా ఏం లేదండీ, రెండూ తిరుగుతాయి, రెంటికీ లైటు వెలుగుతుంది” అన్నాడు అమ్మే కుర్రవాడు. కానీ తేడా చాలా పెద్దది. భూమి ఇరుసు తన కక్ష్య తలానికి నిట్టనిలువుగా ఉండకుండా 23.4 డిగ్రీలు వాలి ఉంటుందని, ఏడాది పొడవునా ఆ వాలు ఆకాశంలో ఒకే దిక్కును, ధ్రువనక్షత్రం వైపును, చూస్తూనే ఉంటుందని పాఠంలో చదువుతాము. సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు ఇరుసు దిక్కు మారదు కాబట్టే జూన్‌లో ఉత్తర ధ్రువం సూర్యుడి వైపు వాలినట్టుగా, డిసెంబరులో సూర్యుడికి ఎడంగా వాలినట్టుగా అవుతుంది. ఆ చవకరకంలో భూగోళాన్ని చేతికి నేరుగా బిగించేశారు. అందువల్ల చేయి ఎటు తిరిగితే ఇరుసు కూడా అటే తిరుగుతుంది, ఉత్తర ధ్రువం పన్నెండు నెలలూ సూర్యుడి వైపే వంగి ఉంటుంది. మా అమ్మాయి దాన్ని ఒక చుట్టు తిప్పి, “నాన్నా, అయితే మనకెప్పుడూ వేసవేనా? ఆస్ట్రేలియావాళ్ళకెప్పుడూ చలికాలమేనా?” అని అడిగింది. ఆ 900 రూపాయల వస్తువు గురించి అంతకన్నా మంచి సమీక్ష నేను రాయలేను.

మేము కొన్న రకంలో చేయి లోపల రెండు సమానమైన కప్పీలు ఉన్నాయి. ఒకటి నడుమ పళ్ళేనికి కదలకుండా బిగించి ఉంటుంది, రెండవది భూగోళం పీట కింద ఉంటుంది. రెంటినీ ఒక రబ్బరు బెల్టు కలుపుతుంది. చేయి ఎంత కోణం తిరిగితే పీట సరిగ్గా అంతే కోణం వెనక్కు తిరగడం వల్ల ఇరుసు వాలిన దిక్కు గదిలో ఒకే గోడను చూస్తూ ఉంటుంది. దీన్ని పరీక్షించడానికి భూగోళం పీట మీద, వాలు ఉన్న వైపుకు, ఒక కాగితపు బాణం అంటించి చేతిని ఒక పూర్తి చుట్టు తిప్పితే చాలు. మొదట బాణం బీరువా వైపు ఉంటే చివరికీ, మధ్యలోనూ బీరువా వైపే ఉండాలి. కొత్తలో మా నమూనా ఈ పరీక్షలో నెగ్గింది.

ఏప్రిల్ ఎండలు ముదిరేసరికి బెల్టు సాగిపోయింది. అప్పటి నుంచి ఒక చుట్టు తిప్పేసరికి బాణం పక్క కిటికీ వైపుకు జరిగిపోతూ వచ్చింది. బాణం 30 డిగ్రీలు జరిగితే ఋతువులు ఒక నెల జరిగినట్టే, పళ్ళెం మీద జూన్ అని ఉన్నచోట ఉత్తరాయణపు కొస, అంటే ఉత్తర ధ్రువం సూర్యుడి వైపు అన్నిటికన్నా ఎక్కువగా వాలే రోజు, రాదు, ఇంకొక నెలలో వస్తుంది. దుకాణానికి తీసుకువెళితే బెల్టులు విడిగా రావని చెప్పారు. చివరికి జగదాంబ కూడలి దగ్గర పాత టేప్‌రికార్డర్లు బాగుచేసే ఒకాయన తన డబ్బాలోంచి ఒక క్యాసెట్ ప్లేయర్ బెల్టు వెతికి ఇచ్చారు. అది కంపెనీ ఇచ్చినదానికన్నా బిగువుగా, ఇప్పటికీ జారకుండా పనిచేస్తున్నది. అంత ధర పెట్టించుకున్న తయారీదారు పెట్టెలో ఒక బెల్టు అదనంగా వేసి ఉండవలసింది.

దీపం సంగతి ఇంకా వివరంగా చెప్పాలి, ఎందుకంటే వెలుగు భూమిని ఎలా చేరుతుందన్నది చూపించడానికే దీపం పెట్టారు, అక్కడే ఈ నమూనా తడబడింది. నిజమైన సూర్యుడు మనకు సగటున 14.96 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఆ వెలుగు ఇక్కడికి రావడానికి దాదాపు 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. జూన్ నెలలో ఆర్కే బీచ్‌లో ఉదయం 5 గంటల 23 నిమిషాల ప్రాంతంలో కనిపించే తొలి కిరణం సూర్యుణ్ణి వదిలి బయలుదేరినది 5 గంటల 15 నిమిషాలకన్నమాట. అంత దూరం నుంచి వచ్చే కిరణాలు భూమి దగ్గరికి వచ్చేసరికి దాదాపు సమాంతరంగా ఉంటాయి, సూర్యబింబం మన కంటికి అర డిగ్రీ వెడల్పు మాత్రమే కనిపిస్తుంది. అందుకే భూగోళంలో సరిగ్గా సగం వెలుగులో, సగం చీకట్లో ఉంటాయి. ఈ నమూనాలో భూమికన్నా కాస్త పెద్దదైన పసుపు గోళం అడుగు దూరంలో ఉండి అన్ని వైపులకూ వెలుగును చిమ్ముతుంది. దానితో పగటికీ రాత్రికీ మధ్య గీత ఏర్పడకుండా వెడల్పాటి మసక పట్టీ ఏర్పడుతుంది. ధ్రువం పూర్తిగా చీకట్లో ఉందా, కొంచెం వెలుగులో ఉందా అన్నది తేల్చుకోలేము.

ఖరీదైన నమూనాల్లో బల్బు ముందు ఒక కటకం పెట్టి కిరణాలను సమాంతరం చేస్తారు. ఇందులో ఆ ఏర్పాటు లేదు. మేము కనిపెట్టిన ఉపాయం సులువైనది. లోపలి బల్బును ఆర్పేసి, హాలుకు ఆ చివర ఒకరు మొబైల్ టార్చి పట్టుకుని భూగోళం ఎత్తులో, సూర్యుడు ఉన్న వైపు నుంచి, నడుమ పసుపు గోళం అడ్డురాకుండా, వెలుగు వేస్తే పగలు–రాత్రి గీత చక్కగా తెగినట్టు పడుతుంది. మిగతా దీపాలన్నీ తీసేయాలి, కర్టెన్లు వేయాలి. అలా చూసిన రోజునే మా అమ్మాయికి ఆర్కిటిక్ ప్రాంతంలో అర్ధరాత్రి సూర్యుడు ఎందుకు కనిపిస్తాడో అర్థమైంది. జూన్ స్థానంలో భూగోళాన్ని ఎన్ని చుట్లు తిప్పినా ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న తెల్లని టోపీ వెలుగులోంచి బయటికి రాదు.

ఇక మన ఊరి సంగతి. గోళం మీద విశాఖపట్నం పేరు లేదు. కలకత్తా, మద్రాసు అని పాత పేర్లు ఉన్నాయి, వాటి మధ్య తీరం వెంట వెతికి, 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఒక గుండుసూది తలను నిలువుగా అంటించుకున్నాము. కొనేవారు అందరూ ఈ పని తప్పక చేయవలసిందిగా నా సలహా. సూదిని టార్చి వెలుగుకు ఎదురుగా మధ్యాహ్నపు స్థానంలోకి తెచ్చి చేతిని డిసెంబరు నుంచి ముందుకు జరుపుకుంటూ పోతే, సూది నీడ మొదట ఉత్తరం వైపు పొడుగ్గా పడి, క్రమంగా కురచబడుతూ, మే నెల రెండో వారంలో పూర్తిగా మాయమవుతుంది. అక్కడితో ఆగకుండా జూన్ వైపు జరిపితే నీడ దక్షిణం వైపు మొలుస్తుంది. విశాఖ కర్కాటక రేఖకు దక్షిణాన ఉండడమే దీనికి కారణం. మే 10, 11 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 1, 2 ప్రాంతంలో మరొకసారి మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు. ఆ రెంటి మధ్య ఉన్న పన్నెండు వారాలూ మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. ఏడాదిలో మిగతా రోజుల్లో ఎండ చూడని మా ఉత్తరపు వంటింటి కిటికీలోంచి జూన్ మధ్యాహ్నం గట్టు అంచు మీద సన్నని ఎండగీత ఎందుకు పడుతుందో ఇంట్లో అందరికీ ఈ సూది వల్లే తెలిసింది.

నమూనా చెప్పినది డాబా మీద సరిచూడవచ్చు. నిట్టనిలువుగా ఉన్న ఏ గొట్టమైనా సరిపోతుంది, తూకపు గుండు వేలాడదీసి చూసుకుంటే ఇంకా మంచిది. అయితే గడియారంలో సరిగ్గా 12 గంటలకు చూడకూడదు. భారత కాలమానం 82.5 డిగ్రీల రేఖాంశానిది. మనం దానికి కొంచెం తూర్పున ఉన్నందువల్ల మన సూర్యుడు మూడు నిమిషాలు ముందుంటాడు, దీనికి తోడు భూమి కక్ష్యలో నడిచే వేగం ఒకే రకంగా ఉండకపోవడం వల్లా, ఇరుసు వాలు వల్లా ఋతువును బట్టి మరికొన్ని నిమిషాల హెచ్చుతగ్గులు వస్తాయి. విశాఖలో నీడ మాయమయ్యే సమయం మే నెలలో సుమారు 11:53, ఆగస్టులో సుమారు 12:03. ఆగస్టులో మబ్బు లేకుండా ఉండడం అదృష్టం మీద ఆధారపడిన విషయం కాబట్టి మే నెలనే నమ్ముకోవడం మంచిది.

పగటి నిడివి దగ్గరికి వచ్చేసరికి గోళం చిన్నదైపోయింది. విశాఖలో జూన్ 21న పగలు 13 గంటల 11 నిమిషాలు, డిసెంబరు 21న 11 గంటల 4 నిమిషాలు, అంటే తేడా రెండు గంటల పైచిలుకు. మన అక్షాంశం వెంట దారం చుట్టి వెలుగులో ఉన్న భాగాన్ని కొలిస్తే రెండు నెలలకూ మధ్య తేడా ఈ గోళం మీద రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువగా తేలుతుంది. జాగ్రత్తగా కొలిస్తే దొరుకుతుంది, లేకపోతే లేదు. కంపెనీ ఇచ్చిన చిన్న పుస్తకంలో మాత్రం లండన్‌ను ఉదాహరణగా తీసుకున్నారు, అక్కడ జూన్ పగలు 16 గంటలు దాటుతుంది, డిసెంబరులో 8 గంటలు కూడా ఉండదు కాబట్టి చూడగానే తెలిసిపోతుంది. మన దేశంలో అమ్మే వస్తువుకు మన ఊళ్ళ లెక్క ఒక్కటైనా వేసి ఇవ్వడం పెద్ద పనేమీ కాదు. అదే పుస్తకంలో డిసెంబరు 21న సూర్యుడు అన్నిటికన్నా త్వరగా అస్తమిస్తాడని కూడా రాశారు. విశాఖలో త్వరగా పొద్దుగుంకేది నవంబరు చివర్లో, దాదాపు 5:20కి. డిసెంబరు 21 నాటికి అస్తమయం అప్పుడే ఆరేడు నిమిషాలు ఆలస్యమై ఉంటుంది. అన్నిటికన్నా ఆలస్యంగా తెల్లవారేది సంక్రాంతి వెళ్ళాక, జనవరి మూడో వారంలో, 6:31 ప్రాంతంలో. పై పేరాలో చెప్పిన, కక్ష్యలో వేగం వల్లా ఇరుసు వాలు వల్లా వచ్చే నిమిషాల హెచ్చుతగ్గులే దీనికి మూలం. చేత్తో తిప్పే ఇలాంటి నమూనాలో ఇది కనిపించదు, కనిపించనందుకు నమూనాను తప్పు పట్టలేము, తప్పు రాసిన పుస్తకాన్ని పట్టవచ్చు.

ఆ పుస్తకంలో ఇంతకన్నా పెద్ద తప్పు మరొకటి ఉంది. భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు వేసవి, దూరంగా పోయినప్పుడు చలికాలం అని మూడో పేజీలోనే అచ్చువేశారు. వాస్తవానికి భూమి సూర్యుడికి అతి చేరువగా, 14.71 కోట్ల కిలోమీటర్ల దూరానికి, వచ్చేది జనవరి మొదటి వారంలో. మనం చలికి దుప్పట్లు కప్పుకుని, అరకు పొగమంచు ఫోటోలు ఒకరికొకరు పంపుకుని, మరో వారం పది రోజులకు భోగి మంటలు వేసుకోబోయే రోజులవి. అతి దూరంగా, 15.21 కోట్ల కిలోమీటర్లకు, పోయేది జూలై మొదటి వారంలో. ఈ దూరపు తేడా వల్ల భూమికి అందే మొత్తం ఎండలో దాదాపు 7 శాతం మార్పు వస్తుంది నిజమే, కానీ వాలు వల్ల వచ్చే మార్పు దాన్ని మించిపోతుంది. విశాఖలో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు క్షితిజం నుంచి 49 డిగ్రీల ఎత్తుకే చేరతాడు. నడినెత్తిన ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు నేల మీద పడే ఎండ అప్పుడు ఏటవాలుగా మరింత నేలకు పరుచుకుంటుంది, చదరపు మీటరుకు అందేది నాలుగింట మూడు వంతులే. పైగా పగలు కూడా పొట్టిది. దూరం చేసే ఒక చిన్న పని మాత్రం ఉంది, భూమి జూలైలో నెమ్మదిగా నడవడం వల్ల మార్చి విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) నుంచి సెప్టెంబరు విషువత్తు దాకా 186 రోజులు పడితే, మిగతా సగానికి 179 రోజులే పడతాయి. మన ఎండాకాలపు సగం ఒక వారం పొడుగు. పుస్తకాన్ని పిల్లల చేతికి ఇచ్చే ముందు ఆ మూడో పేజీని కొట్టివేయడం తల్లిదండ్రుల బాధ్యత.

సూర్యుడు ఎక్కువ ఎత్తుకు వచ్చేది మే, జూన్, జూలై నెలల్లో అయితే ఎండలు మే నెలాఖరుకే ముదిరి ఎందుకు తగ్గిపోతాయని పిల్లలు తప్పకుండా అడుగుతారు. జూన్‌లో నైరుతి ఋతుపవనాలు తెచ్చే మబ్బుకు, తీరం మీది గాలికి ఈ నమూనాలో చోటు లేదు. ఆ జవాబు మనమే చెప్పుకోవాలి.

ఈ నమూనా మాకు ఎంతో సంతోషం కలిగించినది అరసవల్లి విషయంలో. శ్రీకాకుళం పక్కనున్న ఆ సూర్యనారాయణస్వామి ఆలయంలో ఏటా మార్చి నెల రెండో వారంలోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయని ఉత్తరాంధ్రలో తెలియనివారుండరు. మార్చి, అక్టోబరు అనే ఈ జంట ఎలా కుదిరిందో పళ్ళెం మీద చూడవచ్చు. మార్చి 9 డిసెంబరు 21కి 78 రోజుల తరువాత వస్తుంది, అక్టోబరు 2 దానికి 80 రోజుల ముందు వస్తుంది. చేతిని ఆ రెండు తేదీల దగ్గరా ఆపి చూస్తే అవి డిసెంబరు 21కి అటూ ఇటూ దాదాపు సమాన దూరంలో ఉంటాయి. రెండు చోట్లా భూమి సూర్యుడి ఎదుట ఒకే విధంగా వాలి ఉంటుంది. రెండు వేళల్లోనూ సూర్యుడు భూమధ్యరేఖకు సుమారు నాలుగు డిగ్రీలు దక్షిణాన ఉండి, తూర్పు క్షితిజం మీద దాదాపు ఒకే బిందువు నుంచి ఉదయిస్తాడు. ఆ బిందువుకు ఎదురుగా గర్భాలయపు దారిని నిలిపిన స్థపతి లెక్క ఎంత నిక్కచ్చిగా ఉందో చేయి తిప్పుతూ చూసినప్పుడు ఒళ్ళు పులకరించింది. ఈ ఉదయపు బిందువు కదలికను ఆర్కే బీచ్‌లోనూ గమనించవచ్చు. సముద్రం వైపు తిరిగి నిలబడితే జూన్‌లో సూర్యోదయం ఎడమకు, కైలాసగిరి వైపు జరిగి, డిసెంబరులో కుడికి, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు జరిగి ఉంటుంది. రెండు కొసల మధ్య దాదాపు 49 డిగ్రీల తేడా ఉంటుంది.

రాశుల విషయంలో ఒక తికమక ఉంది. పళ్ళెం మీద మకరం డిసెంబరు 22 దగ్గర మొదలవుతుంది, మన పంచాంగంలో మకర సంక్రమణం జనవరి 14 లేదా 15న వస్తుంది. ఇరుసు దిక్కు ఏడాదిలో మారకపోయినా సుమారు 25,800 ఏళ్ళకు ఒక చుట్టు చొప్పున మెల్లగా జరుగుతూ ఉండడం, పాశ్చాత్యులు రాశులను విషువత్తు నుంచి లెక్కిస్తే మనవారు నక్షత్రాల నుంచి లెక్కించడం ఈ తేడాకు కారణాలు. పుస్తకం దీని ఊసే ఎత్తలేదు.

చంద్రుడి గురించి పెద్దగా చెప్పనవసరం లేదు. తీగ భూమి కక్ష్య తలంలోనే తిరుగుతుంది కాబట్టి ఈ నమూనా ప్రకారం ప్రతి అమావాస్యకూ సూర్యగ్రహణం, ప్రతి పౌర్ణమికీ చంద్రగ్రహణం రావాలి. అసలు చంద్రుడి దారి ఐదు డిగ్రీలు వాలి ఉంటుంది. తీగను చేత్తో కొంచెం వంచితే సరిపోయింది. పరిమాణాల నిష్పత్తిని ఏ నమూనా నుంచీ ఆశించకూడదు. తొమ్మిది సెంటీమీటర్ల భూమికి తగిన సూర్యుడు మూడంతస్తుల ఇంటి ఎత్తు ఉండాలి, అదీ కిలోమీటరు పైచిలుకు అవతల. ఆ సంగతి పెట్టె మీద ఒక్క వాక్యంలో రాసి ఉంటే బాగుండేది.

నాణ్యత విషయానికి వస్తే, పళ్ళెం, చేయి గట్టివి. గోళం మీద అంటించిన కాగితపు పటం మాత్రం సముద్రపు ఉప్పుగాలికి పసిఫిక్ మహాసముద్రం దగ్గర లేచిపోయింది, చంద్రుడి తీగ తుప్పు పట్టింది, సెల్స్ పెట్టే చోట స్ప్రింగుల మీద పచ్చని పొర పేరుకుంది. బీచ్‌కు దగ్గరగా ఉండేవారు వాడనప్పుడు సెల్స్ తీసేసి, నమూనాను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంచడం మంచిది. మేము ఆ పని ఆలస్యంగా మొదలుపెట్టాము, అయినా ఇప్పుడు కొత్త తుప్పు లేదు.

ఇరుసు బెల్టుతో నడిచే రకం దొరికితే ఈ ధరకు కొనవచ్చు. ఆరో తరగతి నుంచి పైవారికి పనికివస్తుంది, అంతకన్నా చిన్నపిల్లలకు చంద్రుణ్ణి విరగ్గొట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. బెల్టు సంగతి, పుస్తకం సంగతి చూసి అయిదుకు మూడున్నర ఇస్తున్నాను. పెట్టె మీద ఆరు నెలల వారంటీ అని ఉంది కానీ బిల్లు మీద దుకాణం ముద్ర లేకపోతే అది చెల్లదని లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో రాశారు. అందువల్ల డబ్బు ఇచ్చేటప్పుడే ముద్ర వేయించుకోవాలి.